పిల్ల మీద ఒట్టు

నర్సింగు కోర్సులో చేరతానని నేను చెప్పినప్పుడు మా ఆయన చక్రపాణి అడిగిన మొదటి ప్రశ్న, "పదిహేను నెలలేనా?" అని. అదేదో సెల్‌ఫోన్ కాంట్రాక్టు తీసుకుంటున్నట్టు! నాలుగేళ్ళ చదువును పదిహేను నెలల్లోకి కుక్కితే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? ఆ మాటకొస్తే నాకు మాత్రం ఏం తెలుసు? బాపట్లలో బీఎస్సీ జువాలజీ చదివాను, కప్పల్ని కోశాను, రక్తం చూస్తే కళ్ళు తిరగవు. ఆ మాత్రం చాలనుకున్నాను. అమెరికా వచ్చాక ఏడేళ్ళు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. ఇక ఉద్యోగం చేసుకోవచ్చని కార్డు చేతికి వచ్చేసరికి ముప్పై మూడు నిండాయి. ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మలో కాదని తెగించి అప్లై చేశాను.

మొదటి రోజు డైరెక్టరమ్మ మా ముందు నిలబడి, "మీ ఇంట్లో వాళ్ళకి ఇవాళే గుడ్‌బై చెప్పేయండి, మళ్ళీ వచ్చే ఏడాది కలుద్దురు గాని" అంది. నలభై మందిమీ పకపకా నవ్వాం. నెల తిరిగేసరికి నవ్వే మొహం ఒక్కటీ లేదు. ఈ వారం నేర్పింది ఈ వారమే పరీక్ష. ఏ సబ్జెక్టులోనైనా డెబ్బై ఎనిమిదికి ఒక్క మార్కు తగ్గితే ఇంటికే, మళ్ళీ రాసుకోవడాలు గీసుకోవడాలు లేవు. పోనీ ప్రశ్నలైనా మర్యాదగా ఉంటాయా అంటే, ఇచ్చిన నాలుగు జవాబులూ రైటేనట. అందులో ఎక్కువ రైటు ఏదో మనం చెప్పాలట. ఇదెక్కడి చోద్యమమ్మా అని లబలబలాడాను. బీపీ చూడటం రావాలని మా ఆయన చేతికి రోజూ పట్టీ కట్టేదాన్ని. చివరికి నేను దగ్గరికి వస్తేనే ఆయన బీపీ పెరిగేది.

చదువు ఒక ఎత్తు, క్లినికల్ ఒక ఎత్తు. క్లినికల్ అంటే ఆసుపత్రిలో నిజం రోగుల దగ్గర పని. మంగళవారం, గురువారం తెల్లారకముందే యూనిఫాం వేసుకుని అక్కడ ఉండాలి. రెండుసార్లు మానేస్తే పేరు కొట్టేస్తారు. ఆయన షికాగో ఆఫీసుకి రైలెక్కాలి. మా అంకితకి నాలుగేళ్ళు. ఆ వేళకి తెరిచే డేకేర్ మేముండే అరోరాలో నాకు దొరకలేదు. దొరికింది లక్ష్మీకాంతం ఆంటీ.

ఆవిడ మా కింద ఫ్లాట్‌లో కొడుకు రఘువీర్ దగ్గర ఉంటారు. ఊరు నరసరావుపేట, విజిటర్ వీసా మీద వచ్చారు. కోడలు కావ్యశ్రీ తమ్ముడి పెళ్ళికని పిల్లల్ని తీసుకుని హైదరాబాదు వెళ్ళింది. "ఇంట్లో నాకు మాత్రం ఏం పనుందే? పిల్లని నా దగ్గర పడేసి పో. పప్పన్నం పెట్టి, పద్యాలు నేర్పుతాను" అన్నారు. అలా మంగళ, గురువారాల్లో నిద్రపోతున్న అంకితను భుజాన వేసుకుని మెట్లు దిగేదాన్ని. ఆంటీ తలుపు తెరిచి, రెండు చేతులూ చాచి తీసుకునేవారు. ఆ చేతులు లేకపోతే నా కోర్సు లేదు. ఈ ముక్క నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు, కానీ ఒక్కనాడూ ఆవిడ దాన్ని నా మీద కత్తిలా ఆడించలేదు.

ఆ డిసెంబరులో మా క్లాసులో బ్రయనా అనే పిల్లని తీసేశారు. రోజంతా పనిచేసి అలిసిపోయి, ఒక ముసలాయన తనని ఎలా నవ్వించాడో ఫేస్‌బుక్‌లో రాసుకుందట. పేరు లేదు, ఊరు లేదు. ఆయన మనవరాలు చదివి గుర్తుపట్టింది. అంతే, మధ్యాహ్నానికి బ్రయనా లాకర్ ఖాళీ. రోగి సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు, మొగుడికీ తల్లికీ కూడా. ఒక్కసారి నోరు జారితే రెండో అవకాశం లేదు. ఇంటికొచ్చి ఆ సంగతి ఆంటీకి చెప్పి, "నా నోటి సంగతి మీకు తెలుసుగా, నాకు దినదినగండంగా ఉంది" అన్నాను. ఆవిడ నవ్వి, "నోట్లో లవంగం పెట్టుకుని తిరుగు" అన్నారు.

2012లో, సంక్రాంతి వెళ్ళాక వచ్చిన మంగళవారం, నన్ను గుండె జబ్బుల వార్డులో వేశారు. రోగి గది నెంబరు చీటీ మీద రాసిచ్చారు. తలుపు తట్టి, నేర్పిన చిరునవ్వు మొహానికి తగిలించుకుని లోపలికి వెళ్ళాను. మంచం మీద రఘువీర్.

ఛాతీ నిండా వైర్లు. మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి లేవబోయాడు.

"లేవకండి, లేవకండి. ఏమైంది రఘువీర్ గారూ?"

"నిన్న ఆఫీస్ పార్కింగ్‌లో చెస్ట్ పెయిన్ వచ్చింది ఛాయ గారూ. డైరెక్ట్‌గా ఎమర్జెన్సీకి డ్రైవ్ చేసుకుని వచ్చేశాను. స్టెంట్ వేశారు. ఇంకో బ్లాక్ ఉందంటున్నారు, అబ్జర్వేషన్‌లో పెట్టారు." అని నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "ప్లీజ్ అండీ, అమ్మకి చెప్పొద్దు. డల్లాస్ క్లయింట్ దగ్గరికి అర్జెంటుగా వెళ్ళానని చెప్పాను. నాన్న ఇలాగే పోయారు. ఆమెకి తెలిస్తే తట్టుకోలేదు. కావ్యకి కూడా చెప్పలేదు, తెలిస్తే పెళ్ళి వదిలేసి వచ్చేస్తుంది."

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. కిందటి వారం మా కారు మంచులో కూరుకుపోతే పార పట్టుకొచ్చి తవ్విపెట్టాడు. తెలిసినవాళ్ళు రోగిగా వస్తే వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పాలి. వెళ్ళి మిస్ డోనెలీకి చెప్పాను. ఆవిడ నన్ను వేరే గదికి మార్చి, నా భుజం తట్టి, "మంచి పని చేశావు. ఇక నువ్వు ఆయన్ని చూడలేదు, సరేనా?" అంది. సరేనన్నాను. అనడానికేం, నోరు ఉందిగా.

సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిపొడుగునా రిహార్సల్ వేసుకున్నాను. పిల్లని తీసుకోవాలి, థాంక్స్ ఆంటీ అనాలి, మెట్లెక్కేయాలి. తలుపు కొట్టాను. ఆంటీ పిల్లని అందించలేదు. "లోపలికి రా" అన్నారు.

భోజనాల బల్ల మీద రఘువీర్ ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టి ఉంది.

"ఇదేంటో చెప్పు ఛాయా. ఇది లేకుండా ఆఫీసు పనికి డల్లాస్ వెళ్ళేవాడు ఎవడే? బాత్రూంకి వెళ్ళినా వదలనివాడు, నిన్న దీన్ని మరిచిపోయి ఆఫీసుకి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి తీసుకోలేదు. నిన్న ఫోన్ చేసి ఎయిర్‌పోర్టులో ఉన్నానన్నాడు. నవమాసాలు మోసినదాన్ని, వాడి గొంతు నాకు తెలీదా? అది బాగున్న మనిషి గొంతు కాదు."

"ఆఫీసులో ఇంకోటి ఇచ్చి ఉంటారాంటీ" అన్నాను.

"వాళ్ళ నాన్న కూడా ఇంతే. కొంచెం నలతగా ఉంది కాంతం, అలా గాలికి తిరిగొస్తానని చెప్పులేసుకుని వెళ్ళారు. మోసుకొచ్చారు." ఆవిడ బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటున్నారు. "పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నేను. పిల్లకి పెట్టానంతే. నువ్వు రోజంతా ఆ పెద్దాసుపత్రిలోనే ఉన్నావు కదా. మా వాడు కనపడ్డాడా?"

"లేదాంటీ."

"నా మొహం చూసి చెప్పు."

"లేదంటున్నా కదా ఆంటీ!" కొంచెం విసుగ్గానే అన్నాను. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అదో రోగం.

ఆవిడ విసుగు లెక్కచేయలేదు. కింద కూర్చుని బొమ్మలు గీసుకుంటున్న అంకితను చెయ్యి పట్టుకుని లేపి నా ముందు నిలబెట్టారు. దాని బుగ్గ మీద ఇంకా పప్పు అంటుకుని ఉంది. "పిల్ల తల మీద చెయ్యి పెట్టి చెప్పు. మా వాణ్ణి చూడలేదని ఒట్టెయ్యి. నమ్మి, ఇంత అన్నం తిని పడుకుంటాను."

రోగి గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మాకు క్లాసులో నేర్పారు. "ఆ విషయం నేను మాట్లాడకూడదు" అని ఇంగ్లీషులో ఎంత గంభీరంగా పలకాలో అందరిచేతా వల్లె వేయించారు. అది అమెరికా వాళ్ళ దగ్గర చెల్లుతుంది. లక్ష్మీకాంతం ఆంటీ దగ్గర, మాట్లాడకూడదాంటీ అంటే, అయితే అక్కడే ఉన్నాడన్నమాట. ఒట్టు వెయ్యనంటే సగం కాదు, మొత్తం చెప్పేసినట్టే. ఆవిడ ఆ క్షణమే చీర కుచ్చిళ్ళు దోపుకుని మంచులోకి పరిగెడతారు. అక్కడ కొడుకు, "ఎవరు చెప్పారమ్మా?" అంటాడు. ఆవిడ, "ఛాయ" అంటారు. అంతే, బ్రయనా లాకర్ పక్కన నా లాకర్. ఏడేళ్ళు కూర్చుని, ఎనిమిది నెలలు కళ్ళు పొడుచుకుని చదివింది బూడిదలో పోసిన పన్నీరు. పోనీ నిజం చెప్పేద్దామా అంటే, ఆవిడ అక్కడే కుప్పకూలితే? రఘువీర్ దండం పెట్టినంత పని చేసి అడిగాడే?

అంకిత తల మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది తల.

"చూడలేదాంటీ. ఒట్టు."

ఆంటీ నా వంక ఒక నిమిషం చూశారు. తరవాత, "సరే" అని, కొంగుతో మొహం తుడుచుకుని, కంచం పెట్టుకున్నారు. నేను పిల్లని ఎత్తుకుని మెట్లెక్కాను. సగం మెట్లలో అంకిత, "అమ్మా, వాట్ ఈజ్ ఒట్టు?" అంది.

"ప్రామిస్."

"ప్రామిస్ నా హెడ్ మీద ఎందుకు?"

దానికి నాలుగు జవాబులిచ్చినా ఎంచుకోలేకపోదును.

ఇంట్లోకి వచ్చిన పది నిమిషాలకి అంకిత తుమ్మింది. థర్మామీటర్ పెట్టాను. మామూలే. మళ్ళీ పెట్టాను. మామూలే. నుదురు చూశాను, గొంతు చూశాను, టార్చిలైటు వేసి చెవులు చూశాను. చక్రపాణి ఆఫీసు నుంచి వచ్చి, "ఏంటే ఇది, రేపటి పరీక్షకి ప్రాక్టీసా?" అన్నారు. ఏం చెప్పను? ఆయనకీ చెప్పకూడదు కదా. "పిల్ల మీద దొంగ ఒట్టు వేస్తే ఏమవుతుందండీ?" అని మాత్రం అడిగాను. ఆయన పగలబడి నవ్వారు. "నువ్వు నర్సువి కాబోతున్నావు తల్లీ. బాక్టీరియా వల్ల జబ్బులొస్తాయి, ఒట్ల వల్ల కాదు." ఆయన చెప్పింది నిజమే. నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతే లోకంలో ఇంతమంది డాక్టర్లు కార్లకి నిమ్మకాయలు ఎందుకు కట్టుకుంటారు?

బుధవారం మందుల సబ్జెక్టు పరీక్ష. మొదటి ప్రశ్నే గుండెపోటు వచ్చిన మనిషికి ఏ మందు ముందు ఇవ్వాలని. రఘువీర్ పాలిపోయిన మొహం కాగితం మీద కనపడుతోంది. ఇంకో బ్లాక్ ఉందన్నాడు. అది ఇవాళే మూసుకుపోతే? తల్లి కిందింట్లో కూర్చుని కొడుకు డల్లాస్‌లో ఉన్నాడనుకుంటూ ఉంటుంది, ఇక్కడ మనిషి పోతాడు. కడసారి చూపు కూడా లేకుండా చేసినదాన్ని నేనవుతాను. అప్పుడు ఈ డిగ్రీ పెట్టుకుని ఏ మొహంతో సూది పట్టుకోను? పరీక్ష ఎలా రాశానో నాకు గుర్తులేదు. ఎనభై వచ్చింది. ఎందుకొచ్చిందో దేవుడికే తెలియాలి.

గురువారం తెల్లారకముందు పిల్లని దించడానికి వెళ్ళాను. ఆంటీ తలుపు తీసి, ఎప్పటిలాగే చేతులు చాచారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొడుకు సంగతి ఒక్క మాట అడగలేదు. "రోడ్డు మీద మంచు ఉంది, నెమ్మదిగా పో" అన్నారంతే. పిల్లని అందించి, ఆ నమ్మకం వంక చూడలేక గబగబా కారెక్కాను. ఆవిడ తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

వార్డులోకి వెళ్ళగానే నా కళ్ళు ఆ గది వైపే పోయాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం ఖాళీ. దుప్పట్లు తీసేశారు. ఒకామె పరుపును మందు నీళ్ళతో తుడుస్తోంది.

ఇంటికి పంపించారా? పై అంతస్తు ఐసీయూకి తీసుకెళ్ళారా? లేక... ఆ మూడోది నా మనసు అనుకోనివ్వలేదు. ఎవరినీ అడగడానికి లేదు, ఆయన నా రోగి కాదు. ఎదురుగా కంప్యూటర్ ఉంది. నా పేరుతో లాగిన్ అయి, రఘువీర్ ఇంటిపేరు కొడితే ఒక్క క్షణంలో తెలుస్తుంది. తనది కాని రోగి ఫైలు తెరిస్తే అదీ నేరమే, ఎవరు తెరిచారో మిషన్ రాసి పెట్టుకుంటుంది. ఇంటిపేరులో రెండక్షరాలు కొట్టాను. చెరిపాను. మళ్ళీ కొట్టాను. వెనక మిస్ డోనెలీ బూట్ల చప్పుడు వినపడింది. చెరిపేసి, నా రోగికి మాత్రలిచ్చే వేళయిందని లేచాను. ఆ రోజంతా నవ్వుతూ మాత్రలిచ్చాను, నవ్వుతూ దిండ్లు సర్దాను, లోపల మాత్రం శవం ముందు కూర్చున్నట్టే ఉంది.

సాయంత్రం కారు పార్క్ చేసి మెట్ల దగ్గరికి వచ్చేసరికి, ఆంటీ గుమ్మం ముందు చెప్పులు. పది జతలకు పైనే ఉన్నాయి, మంచు బూట్లు, ఆడవాళ్ళ చెప్పులు, అన్నీ కలగలిసి. మనవాళ్ళ ఇంటి ముందు మామూలు రోజున అన్ని చెప్పులు రెండింటికే ఉంటాయి. పూజకి, కాకపోతే ఇంకోదానికి. ఇవాళ పూజ లేదు. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. తలుపు తట్టడానికి చెయ్యి లేవలేదు.

లోపలి నుంచి ఎవరో నవ్వారు.

తోసుకుని లోపలికి వెళ్ళాను. సోఫాలో దిండ్లకి ఆనుకుని రఘువీర్. బతికే ఉన్నాడు! ఒళ్ళో అంకిత. రెండో బ్లాక్‌కి మందులు చాలని నిన్న రాత్రే వేరే వార్డుకి మార్చి, ఇవాళ మధ్యాహ్నం డిశ్చార్జ్ చేశారట. ఇంటికి దింపిన స్నేహితుడు గోపాల్ నోరు ఊరుకోదు, గంటలో అపార్ట్‌మెంట్లన్నీ పరామర్శకి దిగాయి. ఒకరు రసం, ఒకరు ఇడ్లీలు, ఒకరు గుండెకి మంచిదని వెల్లుల్లి కారం. రఘువీర్ నన్ను చూసి తల దించుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, రెండూ మింగాను.

అంతలో పక్క బిల్డింగ్ రాధారాణి గారు నా యూనిఫాం ఎగాదిగా చూశారు. "అవునూ, ఛాయా, నువ్వు ఆ హాస్పిటల్‌కే కదా వెళ్ళేది? మంగళవారం నీకు డ్యూటీ కదా? రఘువీర్‌ని చూడలేదా? చూసి కూడా పెద్దావిడకి చెప్పలేదా?"

అందరూ నా వైపు తిరిగారు.

"అక్కడ ఎంతమంది రోగులుంటారో తెలుసా నీకు?" వంటింటి గుమ్మంలోంచి ఆంటీ అన్నారు. "వచ్చేపోయే వాళ్ళందరినీ చూడటానికి ఇదేమన్నా దిష్టిబొమ్మలా గేటు దగ్గర నిలబడి ఉంటుందా? చూడలేదు. నేను మంగళవారమే అడిగాను. ఛాయా, ఇలా వచ్చి టీ అందుకో."

వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ తలుపు దగ్గరగా వేశారు. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. "ఆంటీ, నేను అబద్ధం..."

"నెమ్మదిగా మాట్లాడు. నాకు మంగళవారమే తెలుసు."

నాకు అర్థం కాలేదు.

"పిల్ల తల మీద చెయ్యి పెట్టావు చూడు, ఆ వణుకుడికి దాని జుట్టు కదులుతోంది. అబద్ధం కూడా చేతకానిదానివి. వాడు అక్కడే ఉన్నాడని అప్పుడే తెలిసిపోయింది."

"మరి నన్ను నిలదీయలేదేం ఆంటీ? ఇంకొక్కసారి అడిగితే చెప్పేసేదాన్ని!"

"అందుకే అడగలేదు." ఆవిడ గ్లాసుల్లో టీ పోస్తున్నారు, నా వంక చూడటం లేదు. "చెబితే నీ చదువు పోతుందన్నావుగా. నా నోటితో నేను పోగొట్టనా? మంగళవారం రాత్రి వాడు ఫోన్ చేశాడు. డల్లాస్‌లో ఎండ బాగుందమ్మా అన్నాడు. వాడి వెనకాల ఏదో మిషను కుయ్ కుయ్ మంటోంది. ఎండలో తిరగకు నాయనా అన్నాను. నిన్నా అదే చెప్పాడు. నిన్నా అదే అన్నాను."

నేను ఆవిడ భుజం మీద పడి ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమిరారు కానీ, గొంతు మాత్రం కరుగ్గానే ఉంది.

"వాడికేమవుతుందోనని ఒక భయం. నా బలవంతం మీద పసిదాని నెత్తిన దొంగ ఒట్టు పడింది, దానికేమవుతుందోనని ఇంకో భయం. రెండు రోజులూ దేవుడికి రెండు దణ్ణాలు పెట్టానే ఛాయా. ముందు దానికి పెట్టాను, తరవాతే వాడికి." గ్లాసులు పళ్ళెంలో సర్దారు. "ఏడుపు ఆపి, కళ్ళు తుడుచుకుని, ఈ టీలు పట్టుకెళ్ళు. ఆలస్యమైతే ఆ రాధారాణి కనిపెట్టేస్తుంది."